బోధించేవారి చదువు: ఉపాధ్యాయుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ శీర్షికకు ఇటీవల ఉపాధ్యాయుల నుంచి అందిన ఉత్తరాలలో చాలా వాటిలో ఒకే బాధ కనిపించింది. సర్వీసు పెరుగుతోంది, ఇంక్రిమెంట్లు పడుతున్నాయి, శిక్షణల సంఖ్య కూడా పెరుగుతోంది; పాఠం చెప్పే మనిషిగా మాత్రం తాము పెరుగుతున్నామా అన్నది వారి సందేహం. వాటిలో ఐదింటిని ఎంచుకుని, రాసినవారి పేర్లు తీసివేసి, ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను పద్దెనిమిదేళ్లుగా ఎస్‌జీటీగా (ప్రాథమిక తరగతుల సెకండరీ గ్రేడ్ టీచరుగా) పనిచేస్తున్నాను. పిలిచిన ప్రతి శిక్షణకూ హాజరయ్యాను. ఉపాధ్యాయుల ఆన్‌లైన్ కోర్సుల ప్రభుత్వ వేదిక దీక్షలో పూర్తిచేసిన కోర్సుల సర్టిఫికెట్లు ఒక ఫైలు నిండా ఉన్నాయి. అయినా మూడో తరగతిలో నేను లెక్కలు చెప్పే తీరు పదేళ్ల కిందట ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. లోపం నాలోనే ఉందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
(ఉపాధ్యాయిని, నల్గొండ జిల్లా)

సమాధానం: లోపం మీలో కన్నా శిక్షణ మీ దాకా వచ్చే దారిలోనే ఎక్కువగా ఉంది. రాష్ట్ర స్థాయిలో తయారైన మాడ్యూలు డీఆర్‌పీలకు (జిల్లా శిక్షకులకు), వారి నుంచి ఎంఆర్‌పీలకు (మండల శిక్షకులకు), వారి నుంచి ఎమ్మార్సీ (మండల వనరుల కేంద్రం) హాల్లో కూర్చున్న మీకు చేరుతుంది. మెట్టు మెట్టుకూ కొంత జారిపోతుంది. అన్నిటికన్నా ముందు జారిపోయేది పిల్లవాడు. 2019 ఆగస్టులో కేంద్రం ప్రారంభించిన నిష్ఠా శిక్షణ సుమారు 42 లక్షల మంది ఉపాధ్యాయులను లక్ష్యంగా పెట్టుకుంది. అంతమందికి ఒకే పాఠం తయారుచేసేవారికి మీ తరగతిలో మూడో వరుసలో కూర్చున్న పిల్ల కనిపించే అవకాశం లేదు. ఆ పిల్ల కనిపించేది మీకొక్కరికే.

2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరమైన ఎదుగుదలకు కేటాయించాలని చెప్పింది. ఆ వాక్యంలోనే, ఈ అభ్యాసం ఉపాధ్యాయుల సొంత ఆసక్తిని బట్టి సాగాలని కూడా ఉంది. గంటల లెక్క అందరికీ గుర్తుండిపోయింది కానీ ఆ రెండో సగాన్ని మాత్రం మనం వదిలేశాం. మీరు ఆ రెండో సగం నుంచి మొదలుపెట్టండి.

పిల్లల నోటు పుస్తకాలు తీసి తీసివేత లెక్కలు చూడండి. 43 లోంచి 18 తీసివేస్తే 35 అని రాసినవారు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మనం ఎర్ర సిరాతో గీత కొట్టి, పిల్ల అజాగ్రత్తగా చేసిందనుకుని పేజీ తిప్పేస్తాం. అలా తిప్పకుండా, అదే పిల్ల 62 లోంచి 28 తీసివేసి 46 అని, 81 లోంచి 37 తీసివేసి 56 అని రాసిందేమో చూడండి. రాసి ఉంటే అందులో అజాగ్రత్త ఏమీ లేదు; ఆ పిల్ల ఒక నియమాన్ని ఎంతో జాగ్రత్తగా పాటిస్తోంది. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసివేయాలి అన్నదే ఆ నియమం. దాన్ని ఆమెకు నేర్పినది కూడా మనమే. ఒకటో తరగతిలో, రెండో తరగతిలో ‘పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలి’ అని ఎన్నిసార్లు చెప్పి ఉంటామో లెక్కలేదు.

ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరిన పన్నెండో ఏట గాని తెలియలేదు. ఒకరోజు ఒక పిల్లను బల్ల దగ్గరికి పిలిచి, తప్పు దిద్దకుండా, ‘ఎలా చేశావో నాకు చెప్పమ్మా’ అని అడిగాను. ‘మూడులోంచి ఎనిమిది పోదు కదా సార్, అందుకే ఎనిమిదిలోంచి మూడు తీశాను’ అంది. పది పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు మూడు ఆమె ముందు పెట్టి, నాకు పద్దెనిమిది పుల్లలు ఇమ్మన్నాను. ముందుగా ఒక కట్ట ఇచ్చింది. తరువాత విడిగా ఉన్న మూడూ ఇచ్చింది. ఇంకా అయిదు కావాలి. మిగిలిన కట్టల వైపు చూసి, నా వైపు చూసి, ‘విప్పొచ్చా సార్?’ అని అడిగింది. పన్నెండేళ్లుగా నేను నల్లబల్ల మీద ‘పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలి’ అని చెబుతూ వచ్చిన పనికి అసలు అర్థం ఆ ఒక్క మాటలో ఉంది. అది అప్పు కాదు, ఎవరికీ తిరిగి ఇవ్వనవసరం లేదు. మన పదినే మనం విప్పుకుంటున్నాం. ఆ రోజు నుంచి నేను ఆ పాఠంలో అప్పు అన్న మాట వాడడం మానేశాను.

విషయం తెలియడం ఒకటి, ఆ విషయం పిల్లల బుర్రల్లో ఎక్కడెక్కడ ఎలా మెలికలు తిరుగుతుందో తెలియడం మరొకటి. ఈ రెండో రకం జ్ఞానమే ఉపాధ్యాయుడి ప్రత్యేక ఆస్తి అని అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు లీ షుల్మన్ 1986లో వాదించారు. గణితంలో ఎమ్మెస్సీ చేసిన ఇంజనీరుకు తీసివేత మీకన్నా బాగా రావచ్చు గాని, 35 అన్న జవాబు వెనుక ఉన్న ఆలోచన తెలియకపోవచ్చు. మీకు అది తెలియాలి. పద్దెనిమిదేళ్లలో అలాంటివి వందలు మీ చేతుల మీదుగా వెళ్లిపోయి ఉంటాయి; రాసి పెట్టుకోకపోవడం వల్ల వెళ్లిపోయాయి.

ఒక వంద పేజీల నోటు పుస్తకం కొనుక్కోండి. ఎవరికీ చూపించవలసిన అవసరం లేని పుస్తకం కావాలి, ఎందుకంటే తనిఖీ కోసం రాసే డైరీలో మనం నిజం రాయం. వారానికి ఒక తప్పు చాలు. పిల్ల ఏమి రాసింది, అడిగితే ఏమి చెప్పింది, అలా ఎందుకు ఆలోచించి ఉంటుందని మీకు తోచింది, మరుసటి వారం మీరు ఏమి మార్చి చూశారు, ఏమైంది అన్నవి రాసుకోండి. వారానికి ఒక గంట పడుతుంది. ఏడాది తిరిగేసరికి మీ చేతిలో మీ మూడో తరగతి గురించి మీరే రాసిన పుస్తకం ఉంటుంది. అప్పుడు దీక్షలోకి వెళ్లండి. చేతిలో ప్రశ్న పట్టుకుని వెళ్లినవారికి అక్కడ పనికివచ్చేది చాలా దొరుకుతుంది. సర్టిఫికెట్టు కోసం వెళ్తే మాత్రం సర్టిఫికెట్టే దొరుకుతుంది.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిని. తరగతి పరిశీలనకు వెళ్లిన ప్రతిసారీ ఉపాధ్యాయులు బిగుసుకుపోతున్నారు. కొందరు ఆ రోజుకు ప్రత్యేకంగా చార్టులు తెచ్చి, ముందురోజు చెప్పిన పాఠాన్నే మళ్లీ చెబుతున్నారు. అధికారిగా కాకుండా విద్యా నాయకుడిగా ఉండాలని ప్రతి శిక్షణలోనూ చెబుతారు. ఎలా ఉండాలో ఎవరూ చూపించలేదు.
(ప్రధానోపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా)

సమాధానం: మీ పరిశీలన రిజిస్టరు ఒకసారి తెరిచి చూడండి. ‘నల్లబల్ల పని బాగుంది’, ‘బోధనోపకరణాలు వాడవలెను’, ‘వెనుకబడిన పిల్లలపై శ్రద్ధ చూపవలెను’ అన్న మూడు వాక్యాలే అటూ ఇటూ మారి ప్రతి పేజీలోనూ కనిపిస్తాయి. నా రిజిస్టర్లూ అలాగే ఉండేవి. ఆ వాక్యాలు చదివి ఏ ఉపాధ్యాయుడూ మరుసటి రోజు పాఠాన్ని మార్చుకోలేడు, ఎందుకంటే అవన్నీ ఉపాధ్యాయుడి గురించిన తీర్పులు. పిల్లల గురించిన వార్త అందులో ఒక్కటీ లేదు.

ముందుగా మీ తలుపు తెరవండి. మీరు వారానికి చెప్పే పీరియడ్లలో ఒకదాన్ని ఎంచుకుని, మీకు కూడా కష్టమనిపించే పాఠాన్ని తీసుకుని, ఇద్దరు ఉపాధ్యాయులను వచ్చి వెనుక కూర్చోమని అడగండి. ‘నేను చెబుతుండగా ఈ నలుగురు పిల్లలు ఏమి చేస్తున్నారో రాసిపెట్టండి, నాకు అక్కడి నుంచి కనిపించదు’ అని చెప్పండి. ఇది వినయ ప్రదర్శన కోసం చేసే పని కాదు, ఆ సహాయం నిజంగానే మీకు అవసరం. ప్రధానోపాధ్యాయుడి పాఠంలో కూడా పిల్లలు దారి తప్పుతారని, ఆయన దాన్ని అందరి ముందూ మాట్లాడగలడని సిబ్బంది ఒకసారి చూస్తే, ఆ తరువాత మీరు వారి తరగతిలోకి వెళ్లినప్పుడు గాలి మారుతుంది. నెలా రెండు నెలలు పట్టవచ్చు. తొందరపడకండి.

ఆ తరువాతి అడుగుకు జపాన్ బడుల్లో తరతరాలుగా ఉన్న ఒక ఆనవాయితీ మనకు బాగా పనికివస్తుంది. వారు దానిని జుగ్యో కెన్‌క్యూ అంటారు. పాఠాన్ని పరిశోధించడం అని అర్థం. ముగ్గురు నలుగురు ఉపాధ్యాయులు కలిసి ఒకే ఒక పాఠాన్ని వారాల తరబడి తయారుచేస్తారు, ఒకరు చెబుతారు, మిగిలినవారు పిల్లలను గమనిస్తారు, చివర కూర్చుని మాట్లాడుకుని పాఠాన్ని మారుస్తారు. పాఠం అందరిదీ కాబట్టి, అది విఫలమైతే చెప్పినవారి పరువు పోదు. ఈ పద్ధతిలో నాకు నచ్చినది ఇదే.

ఒక ఉదాహరణ చెబుతాను. మా కాంప్లెక్సులో, అంటే చుట్టుపక్కల బడుల కూటమిలో, గణిత ఉపాధ్యాయులం నలుగురం కలిసి ఆరో తరగతికి దశాంశాల పాఠం ఇలా తయారుచేశాం. 0.8, 0.35 లలో ఏది పెద్దది అన్నది మొదటి ప్రశ్న. పాఠం చెప్పిన మిత్రుడు తరగతిని అడిగితే, చాలా గొంతులు ‘0.8’ అన్నాయి, ఆయన సంతోషించి ముందుకు సాగారు. నేను గమనిస్తున్న కుర్రవాడు మాత్రం పలక మీద 0.35 చుట్టూ సున్నా చుట్టి, గొంతులు విని, పక్కవాడి పలక చూసి, చేత్తో తుడిచేసి 0.8 చుట్టూ చుట్టాడు. ముప్పై అయిదు ఎనిమిది కన్నా పెద్దది కదా అన్న వాడి ఆలోచన అలాగే ఉండిపోయింది, జవాబు మాత్రం మారింది. బల్ల దగ్గర నిలబడిన మనిషికి ఇది కనిపించే మార్గమే లేదు. ఆ మధ్యాహ్నం మేము పాఠంలో ఒక్కటే మార్చాం: గొంతుతో జవాబు చెప్పించకుండా, ముందు పలక మీద రాయించి, ఒకేసారి పైకి ఎత్తించాలి. మరో బడిలో అదే పాఠం మళ్లీ చెప్పినప్పుడు 0.35 చుట్టిన పలకలు పదకొండు లేచాయి. మాకు అసలు పాఠం అప్పుడు మొదలైంది.

పాఠం తరువాత జరిగే సంభాషణకు ఒక నియమం పెట్టుకోండి. ‘మీరు అలా చేయవలసింది’ అనే వాక్యంతో ఎవరూ మొదలుపెట్టకూడదు. ‘ఈ పిల్ల ఇలా చేసింది’ అనే వాక్యంతోనే మొదలుపెట్టాలి. చెప్పినవారు మొదట మాట్లాడాలి, ప్రధానోపాధ్యాయుడు చివర మాట్లాడాలి. ఆ రోజు రాసుకున్నవి ఏ రిజిస్టరులోకీ ఎక్కకూడదు.

దీనికి కొత్త వేదిక అక్కరలేదు. చుట్టుపక్కల బడులన్నీ ఒక కాంప్లెక్సుగా కలిసి పనిచేయాలన్న ఆలోచనను 1964–66 నాటి కొఠారి కమిషనే ముందుకు తెచ్చింది. బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయ కేంద్రాలను ఏర్పాటు చేసింది. ఆ కేంద్రాల సమావేశాలకు తమ పిల్లలు చేసిన పనులను సంచిలో పెట్టుకుని వెళ్లిన రోజులను పాత ఉపాధ్యాయులు ఇప్పటికీ తలుచుకుంటారు. నేటి కాంప్లెక్స్ సమావేశం చాలాచోట్ల సర్క్యులర్లు చదవడంతో, యాప్‌లో ఎంట్రీల పెండింగు లెక్కతో ముగుస్తోంది. మీరు కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయుడైతే, సర్క్యులర్లు ముందురోజే వాట్సాప్‌లో పంపి, ఆ పూటలో తొంభై నిమిషాలు ఒక పాఠానికి ఇవ్వండి. మధ్యాహ్న భోజనం నుంచి మరుగుదొడ్ల ఫొటోల దాకా మీ రోజును ఎన్ని పనులు తినేస్తున్నాయో నాకు తెలుసు. అయినా ఆ తొంభై నిమిషాలను కాపాడవలసిన పని మీదే, దాన్ని మరొకరికి అప్పగించడం కుదరదు.

ప్రశ్న: మాది ఏకోపాధ్యాయ పాఠశాల. పిల్లలందరూ సవర గిరిజనులు. ఒకటో తరగతికి వచ్చేసరికి వారికి తెలుగు రాదు, నాకు సవర రాదు. కలిసి చర్చించడానికి తోటి ఉపాధ్యాయులు లేరు. ఇక్కడ నేను ఎవరికి నాయకుడిని, ఎవరి నుంచి నేర్చుకోవాలి?
(ఉపాధ్యాయుడు, పార్వతీపురం మన్యం జిల్లా)

సమాధానం: మీ ప్రశ్ననే నూటపాతికేళ్ల కిందట, మీ ప్రాంతానికి దగ్గరలోనే, ఒక ఉపాధ్యాయుడు తనను తాను అడిగి జీవితాంతం జవాబు వెతుకుతూ పోయాడు. గిడుగు రామమూర్తి పంతులు గారిని మనం వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా గుర్తుంచుకుని, ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆయన మొదట ఒక బడిపంతులు. 1863లో పుట్టి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. అప్పటికి వయసు పదిహేడేళ్లు. బడిలో పనిచేస్తూనే ప్రైవేటుగా ఎఫ్.ఏ., బి.ఏ. చదువుకున్నారు. చుట్టూ ఉన్న కొండల్లోని సవరలకు చదువు చెప్పాలన్న కోరిక కలిగినప్పుడు, ఆయన చేసిన మొదటి పని వారికి తెలుగు నేర్పడం కాదు, తాను సవర నేర్చుకోవడం. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని అతని దగ్గర ఆ భాష నేర్చుకున్నారు. ఆ తరువాత సవర భాషలో వాచకాలు తయారుచేశారు, సొంత డబ్బుతో బడులు పెట్టించి వారి భాషలోనే చదువు చెప్పించారు. ఆ కొండల్లో తిరిగిన రోజుల్లో మలేరియాకు వాడిన క్వినైను వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నదని జీవితచరిత్రకారులు రాశారు. ధ్వనులను పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి అది ఎంత పెద్ద నష్టమో ఊహించుకోవచ్చు. ఆయన పని ఆపలేదు. సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడింది, సవర నిఘంటువు 1938లో వెలువడింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు.

మరొక సంగతి కూడా మీరు గమనించాలి. వాడుక భాషలో బోధన జరగాలన్న ఆలోచన ఆయనకు పుట్టుకతో వచ్చినది కాదు. 1906 ప్రాంతంలో ఉత్తర జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన యేట్స్ అనే ఆంగ్లేయుడు, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగిన ప్రశ్న ఆయనను కదిలించింది. అప్పటికి ఆయన ఉద్యోగంలో పాతికేళ్లు దాటిన మనిషి. పాతికేళ్ల అనుభవాన్ని అడ్డం పెట్టుకుని ఆ ప్రశ్నను తోసేయడం చాలా సులువు. ఆయన ఆ ప్రశ్నను ఇంటికి తీసుకుపోయారు.

ఇక మీ బడి. మీరు నేర్చుకోవలసినది మీ పిల్లల దగ్గరే, వారి తల్లుల దగ్గరే. రోజుకు అయిదు సవర మాటలు చాలు, కానీ బడికి పనికివచ్చే మాటలు ఎంచుకోండి: కూర్చో, చూడు, ఎన్ని, పెద్దది, చిన్నది, అర్థమైందా, కడుపు నొప్పా. నాలుగో తరగతి పిల్లల్లో ఒకరిని మీకు గురువుగా పెట్టుకోండి. మీరు తప్పుగా పలికినప్పుడు తరగతి నవ్వుతుంది, నవ్వనివ్వండి. కొత్త భాష పలకడానికి నోరు తిరగకపోతే ఎలా ఉంటుందో మాస్టారికీ తెలుసునని ఆ నవ్వుతో ఒకటో తరగతి పిల్లకు తెలుస్తుంది, తెలుగు పలకడానికి దానికి ధైర్యం వస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో మొదలైన మాతృభాషాధారిత బహుభాషా విద్య కార్యక్రమంలో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారయ్యాయి. మీ ఎమ్మార్సీలోనో, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయంలోనో, పాత బడి బీరువాలోనో పాత ప్రతులు ఉండవచ్చు. అడిగి తెచ్చుకోండి.

తోటివారు లేరన్న మాట నిజమే. మీలాంటి ఏకోపాధ్యాయులు చుట్టుపక్కల మరో ఇద్దరు తప్పక ఉంటారు. ముగ్గురూ కలిసి వారానికి ఒకసారి, ఆ వారం తమను తికమకపెట్టిన ఒక్క సంఘటన గురించి రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపుకోండి. సిగ్నల్ ఉన్న చోటికి దిగివచ్చినప్పుడు వినవచ్చు. ఎవరికి నాయకుడినని అడిగారు. మీరు నేర్చుకున్న మూడు వందల సవర మాటలను, పిల్లల వాక్యాలతో సహా ఒక పుస్తకంలో రాసి ఉంచితే, మీకు బదిలీ అయిన తరువాత ఆ బడికి వచ్చే ఉపాధ్యాయుడు మీరు మొదలుపెట్టిన చోట మొదలుపెట్టనక్కరలేదు.

ప్రశ్న: నా వయసు 51. ప్రభుత్వ ఉపాధ్యాయ నియామకాల డీఎస్సీలో ఎంపికై ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) రాయాలంటున్నారు. నా దగ్గర చదువుకున్నవారు ఆ పరీక్షలో పాసై ఉద్యోగాలు చేస్తున్నారు. వారి పక్కన కూర్చుని రాయడం అవమానంగా ఉంది. దీన్ని ఎదుగుదల అనాలా?
(ఉపాధ్యాయుడు, కరీంనగర్ జిల్లా)

సమాధానం: అనక్కరలేదు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, పదవీ విరమణకు ఐదేళ్ల కన్నా ఎక్కువ సర్వీసు మిగిలి ఉన్న ఉపాధ్యాయులు రెండేళ్లలోగా టెట్ ఉత్తీర్ణులు కావాలి; ఐదేళ్ల లోపు ఉన్నవారు కొనసాగవచ్చు గాని, టెట్ లేకుండా పదోన్నతి ఉండదు. మీకు దాదాపు పదేళ్లు ఉన్నాయి కాబట్టి మొదటి నియమం మీకు వర్తిస్తుంది. సంఘాల న్యాయ ప్రయత్నాలు వాటి దారిన అవి సాగుతాయి. వాటి ఫలితం కోసం చేతులు కట్టుకుని ఎదురుచూడకుండా, మీరు చదువు మొదలుపెట్టండి.

మీ బాధ న్యాయమైనదే. పాతికేళ్ల పనిని 150 ప్రశ్నలు కొలవలేవు, కొలుస్తాయని నేనూ అనుకోవడం లేదు. దీన్ని ఒక అర్హతగా చూడండి, మీ విలువకు కొలతగా చూడకండి. అందులో శిశు వికాసం, బోధనా శాస్త్రం అన్న 30 మార్కుల విభాగం మాత్రం మీకు నిజంగా పనికివస్తుంది. పిల్లలు తరగతిలో చేస్తుండగా మీరు చూసినవాటికి ఆ పుస్తకంలో పేర్లు దొరుకుతాయి. కొత్త అభ్యర్థికి అది కంఠస్థం చేయవలసిన నిర్వచనం, మీకు అది ఫలానా సంవత్సరం ఫలానా పిల్ల. ఒంటరిగా రాత్రిళ్లు చదవకండి. మీ మండలంలో మీ ఈడువారు అయిదారుగురు ఉంటారు, ఆదివారాలు ఒకరి ఇంట్లో కూర్చోండి. మీ దగ్గర చదువుకుని టెట్ పాసైన ఆ పూర్వ విద్యార్థిని పిలిచి, ‘నాకు రెండో భాష పేపరు ఎలా చదవాలో చెప్పు నాయనా’ అని అడగండి. అతనికి అది జీవితకాలం గుర్తుండే గౌరవం అవుతుంది. మీకు కూడా పరీక్ష హాలులో అతని పక్కన కూర్చోవడం ఇంత కష్టంగా తోచదు.

ప్రశ్న: నేను ప్రైవేటు పాఠశాలలో నాలుగేళ్లుగా సైన్సు చెబుతున్నాను. రోజుకు ఏడు పీరియడ్లు, ఇంటికి తెచ్చుకునే నోటు పుస్తకాలు నలభై. పాఠ్య ప్రణాళికలు ఏఐతో రాయించేస్తున్నాను. ఎదుగుదల గురించి ఆలోచించే ఓపిక లేదు. వృత్తి మానేయాలనిపిస్తోంది.
(ఉపాధ్యాయిని, హైదరాబాద్)

సమాధానం: అమ్మా, అలసిపోయిన మనిషిని ఇంకా ఎదగమని చెప్పడం అన్యాయం. అందుకే మీకు ఏ కొత్త పనీ చెప్పను, ఉన్న పనిలో కొంత తీసేయమని చెబుతాను. 2009 విద్యా హక్కు చట్టం ఉపాధ్యాయుడి పనిని వారానికి 45 గంటలుగా చెప్పినప్పుడు, పాఠం సిద్ధం చేసుకునే సమయాన్ని అందులోనే కలిపి చెప్పింది. అంటే సిద్ధపడడం కూడా పనేనని చట్టమే ఒప్పుకుంది. మీ యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు, మీరు ఒక్కరే కాకుండా నలుగురు కలిసి, వారానికి రెండు ఖాళీ పీరియడ్లను ఈ పేరుతోనే అడగండి.

ఏఐతో ప్రణాళిక రాయించుకోవడం తప్పు కాదు, ఆ కాగితం ఎక్కువగా ఫైలు కోసమే కాబట్టి. అందులోని సైన్సు సరిగా ఉందో లేదో మాత్రం పాఠ్యపుస్తకంతో సరిచూసుకోండి. అది మీకు చెప్పలేనిది ఒకటుంది: మీ ఏడో తరగతి బి సెక్షన్‌లో నిన్న ఎవరికి ఏది అర్థం కాలేదన్నది.

దాని కోసం నలభై పుస్తకాలు ఇంటికి మోయనక్కరలేదు. పాఠం చివరి మూడు నిమిషాల్లో చిన్న కాగితం ముక్క మీద ఒకే ప్రశ్నకు జవాబు రాయించండి. ‘పత్రహరితం లేని పుట్టగొడుగు ఆహారం ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది?’ లాంటి ప్రశ్న చాలు. ఆ కాగితాలను స్టాఫ్ రూములో అయిదు నిమిషాల్లో మూడు కుప్పలుగా వేయండి: అర్థమైనవారు, సగం అర్థమైనవారు, వేరే దారిలో ఉన్నవారు. మార్కులు వేయకండి, దిద్దకండి. మూడో కుప్పలోంచి ఒక్క కాగితం మాత్రం బ్యాగులో వేసుకుని ఇంటికి వెళ్లండి. మరునాటి పాఠాన్ని, పేరు చెప్పకుండా, ఆ కాగితం మీద రాసిన వాక్యంతోనే మొదలుపెట్టండి. రాత్రి దిద్దే పుస్తకాల్లో సగం మానేసినా పాఠం కుంటుపడదు. రెండు వారాలు ఇలా చేసి చూడండి, మానేయడం గురించిన నిర్ణయం అంతదాకా ఆగవచ్చు.